మామ ఉప్పునీళ్ళ తొట్టి

మా పక్కింటి మామ చనిపోయాడు. ఈ ఒక్క వాక్యం రాసి చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. రాసింది నేనే, చేతిరాతా నాదే, అయినా ఎవరో అబద్ధం రాసినట్టే ఉంది.

ఆ రోజు ఉదయం ఎనిమిదింటికి మామ తన ముందుగదిలో, చొక్కా చేయి భుజం దాకా మడిచి, తొట్టిలో చేయి పెట్టి రాయి మీది పాచి తోముతున్నాడు. నేను పక్కన నిలబడి సన్నగొట్టంతో ఆ మురికిని బక్కెట్లోకి లాగుతున్నాను. తొమ్మిదింటికి చేయి తుడుచుకుని, చోళపురంలో తెలిసినవాళ్ళ కొబ్బరితోట చూసి వస్తానని బస్సెక్కాడు. పదిన్నరకు గోడ అవతలి నుంచి అత్త, అంటే మామ భార్య, నా పేరు పెట్టి ఒక్క అరుపు అరిచింది. చోళపురంలో బస్సు దిగి, నాలుగడుగులు వేసి, రోడ్డు పక్కన కూర్చున్నాడట. ఇక లేవలేదట. గుండె అన్నాడు డాక్టరు. ఆ గుండెకు ఏదైనా ఉందని అంతకుముందు ఎవరూ అనలేదు. రెండేసి బక్కెట్ల నీళ్ళు మోసే మనిషి. నేను పరుగెత్తుకుని వెళ్ళేసరికి నా చేతులకు ఇంకా పాచి వాసన ఉంది. ఆ వాసన పోకముందే మనిషి పోయాడంటే నేనెలా నమ్మేది?

ఈ ఊళ్ళో చాలామందికి ఆయన సైజింగు మాస్టరుగానే తెలుసు. మగ్గం ఎక్కే ముందు నూలుకు గంజి పట్టించే పని. ముప్పైయెనిమిదేళ్ళు మిల్లులో ఆవిరి మధ్య నిలబడి ఆ పనే చేశాడు. నాకు చుట్టమేమీ కాదు. పెళ్ళై ఈ వీధికి వచ్చిన కొత్తలో ఒకసారి "గారు" అని పిలిచాను. "నేనేమన్నా తాసిల్దారునా? మామా అని పిలువు చాలు" అన్నాడు. అప్పటినుంచి మామే. ఈ రాతలోనూ అలాగే రాస్తున్నాను. మర్యాద తక్కువైందని ఎవరూ అనుకోకండి, గారు అని రాస్తే ఆయనే నొచ్చుకుంటాడు.

తమిళనాట ఉన్న మా రాజపాళయానికి సముద్రం లేదు. పడమట కొండలున్నాయి, ఊరంతా మిల్లులూ మగ్గాలూ ఉన్నాయి, ఎండ ఉంది. అలాంటి చోట ఒక మనిషి ముందుగదిలో సముద్రం పెట్టుకున్నాడంటే దానికొక కథ ఉండాలి కదా. మామ చెప్పే కథ ఇది. మధురైలో కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ కూర్చునే గదిలో ఉప్పునీళ్ళ తొట్టి ఉంది. అందులో నారింజ రంగు చేపలు, రాళ్ళ మీద పువ్వుల్లా విచ్చుకున్న పగడాలు. "నా పేరు పిలిచినా వినబడలేదు పాపా. అప్పురం ఇంకా మూడుమార్లు పోయినాను. 'కళ్ళలో ఏమీ లేదు, ఏంటికి మళ్ళీ మళ్ళీ వస్తావు?' అని డాక్టరు అడిగినాడు. 'మీ తొట్టి చూసేదానికి వచ్చినాను సార్' అని చెప్పేసినాను." మా ఊళ్ళో తర్వాత అనడానికి అప్పురం అంటారు. ఈ కథ నేను కనీసం యాభైసార్లు విన్నాను. ప్రతిసారీ డాక్టరు గొంతును కొంచెం ఇంకా గంభీరంగా చెప్పేవాడు.

పదవీ విరమణ అయిన నెలకే నాలుగడుగుల తొట్టి వచ్చింది. "ఉప్పునీళ్ళు ఇంట్లో పెడితే బీరువా తుప్పు పడతాది" అని అత్త మొత్తుకుంది. నిజంగానే పట్టింది. కోయంబత్తూరులో ఇలాంటి పిచ్చే ఉన్న ఒక మిత్రుడు తన తొట్టిలో పెరిగిన ఆకుపచ్చ పగడం నుంచి బొటనవేలంత ముక్క కోసిచ్చాడు. మామ దాన్ని తొమ్మిదేళ్ళు పెంచాడు. అన్నం పళ్ళెమంత అయింది. నీళ్ళు కదిలినప్పుడల్లా చేతివేళ్ళలాంటి దాని కొసలన్నీ ఒకే పక్కకు ఊగేవి. "సముద్రంలో నుంచి తెంపింది నాకు వద్దు. ఇంట్లో పెరిగిందే కావాలి" అనేవాడు. అత్త దానికి సవతి అని పేరు పెట్టింది. పొద్దున కాఫీ ఆలస్యమైతే "ఏం, సవతి ఇంకా లేవలేదా?" అని అడిగేది.

ఇక నా సంగతి. నాకు కోపం ఎక్కువ, తొందర అంతకంటే ఎక్కువ. వీధి కుళాయి దగ్గర నా గొంతు వినని రోజు లేదు. మామ తొట్టి చూసి, అసూయతోనే, మూడేళ్ళ క్రితం నేనూ ఒక చిన్న తొట్టి కొన్నాను. రెండు నెలల్లో రాళ్ళకు పచ్చటి జుట్టు మొలిచింది. పీకినకొద్దీ పెరిగింది. ఎవరో చెప్పారని పాచిని చంపే మందొకటి తెప్పించి, మూత తీసి పొయ్యబోతుంటే మామ వచ్చాడు. సీసాను నా చేతిలోంచి తీసుకుని కిటికీలో పెట్టాడు. ముక్కాలిపీట లాక్కుని కూర్చున్నాడు. తొట్టి వైపు చూడనే లేదు, నన్ను చూశాడు.

"ఏమేమి పోసినావు, వరసగా చెప్పు."

చెప్పాను. ఎండకు ఇంకిపోయిన నీళ్ళ బదులు బోరునీళ్ళు పోశాను. చేపలు ఆకలిగా చూస్తున్నాయని రోజుకు మూడుసార్లు మేత వేశాను. చూడ్డానికి బాగుంటుందని పడుకునేదాకా దీపం ఆర్పలేదు.

"ఇంత పెట్టినావు. పాసి తిన్నది. దానిమీద కోపమేంటికి?" అన్నాడు. మా ఊళ్ళో పాచిని పాసి అంటారు. "పాసిని తిట్టొద్దు పాపా. ఏమి లోపలికి పోయిందో వెతుకు."

ఆ తర్వాత ఆరు వారాలు నాకు పాఠాలు. పాత టూత్‌బ్రష్షు చుట్టూ ఆ జుట్టును సేమ్యాలా చుట్టి, రాయిని కదపకుండా లాగాలి. నీళ్ళు శుద్ధి చేసే యంత్రం నుంచే రావాలి. దీపం ఆరు గంటలు. మేత రోజు విడిచి రోజు, అదీ చిటికెడు. పాచిని తినడానికి కొన్ని నత్తలు. ఇంతే, ఇందులో మంత్రమేమీ లేదు. గాజు గోళీల్లాంటి పచ్చటి బుడగల పాచి ఒకటి వస్తుంది, దాన్ని పగలగొడితే తొట్టంతా పాకుతుంది. నేను ఒకటి పగలగొట్టాను కూడా. మామ అరవలేదు. "తొందరగా ఉండే చేయి నీళ్ళలో పెట్టొద్దు. పోయి కాపీ తాగి రా" అన్నాడు. నిజంగానే ఇంటికి పంపాడు. కాఫీ తాగి వచ్చేసరికి, గోటితో ఒక్కో బుడగను అడుగునుంచి లేపి గొట్టంలోకి పంపిస్తూ కూర్చున్నాడు. నా మీద నాకే అంత ఓపిక ఎప్పుడూ లేదు. ఆయనకు నా మీద ఉంది.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. దీనికోసమే ఈ స్మృతి రాస్తున్నాను, లేకపోతే మామ గురించి చెప్పడానికి నాకంటే అర్హులు చాలామంది ఉన్నారు.

నాలుగు నెలల క్రితం కోయంబత్తూరులో కూతురి కాన్పుకని మామా అత్తా పన్నెండు రోజులు వెళ్ళారు. తాళం నా చేతికిచ్చాడు. ఇంకిన నీళ్ళు నింపు, రోజు విడిచి రోజు చిటికెడు మేత వెయ్యి, నాలుగు రోజులకొకసారి వడపోత గుడ్డ మార్చు. మూడే పనులు. "కొత్తగా ఏమీ చేయొద్దు పాపా" అని మెట్లు దిగుతూ కూడా అన్నాడు.

నాలుగో రోజు గుడ్డ తీస్తుంటే చినిగింది. సొరుగులో వేరే గుడ్డ కనబడలేదు. ఒక ఫోను చేస్తే సరిపోయేది. కానీ మాకు ఇంటి వెనకే నాలుగు మరమగ్గాలున్నాయి, వాటి మీద నేసేది బ్యాండేజీ గుడ్డ. గాయానికి కట్టే గుడ్డ కంటే శుభ్రమైనది ఇంకేముంటుందని అనుకున్నాను. మగ్గం మీదనుంచి దిగిన చుట్టలోంచే ఆరు ముక్కలు కత్తిరించాను. ఒకటి తొట్టికి బిగించి, ఐదు సొరుగులో పెట్టాను. తెలివైన పని చేశానని కూడా అనుకున్నాను.

మగ్గం దిగిన గుడ్డకు గంజి ఉంటుంది. దాన్ని ఉడకబెట్టి, గంజి తీసి, తెల్లబరిచాకే అది బ్యాండేజీ అవుతుంది. ఇది మా వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు ఆ పూట గుర్తు రాలేదు, అంతే. గంజి కాచి బతికిన మనిషి తొట్టిలో గంజి పోశాను.

రెండో రోజుకు నీళ్ళు బియ్యం కడిగిన నీళ్ళలా అయ్యాయి. చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. గుడ్డ లాగి చేత్తో పట్టుకుంటే జారింది, అప్పుడర్థమైంది. సగం నీళ్ళు మార్చాను. సొరుగులో మిగిలిన ఐదు ముక్కలు ఆ కంగారులో గుర్తుకే రాలేదు. రెండు చేపలు పోయాయి. వారంలో ఇసుక మీద ఎర్రటి జిగురు పొర పరుచుకుంది. అక్కడినుంచి రాళ్ళ మీదకీ, ఆ పెద్ద పగడం మీదకీ పాకింది. పగడంలో సగం కండ ఊడిపోయి తెల్లటి ఎముక బయటపడింది. తొమ్మిదేళ్ళ పెంపకాన్ని నేను వారంలో సగం చేశాను.

మామ వచ్చినరోజు సంచి ఇంకా చేతిలోనే ఉంది. గుమ్మంలోనే నిలబడి చూస్తున్నాడు. ఆయన అడగకముందే నేను మొదలుపెట్టాను.

"కరెంటు పోయింది మామా. బ్యాటరీ కూడా నిలిచిపోయింది. ఐదారు గంటలు. నాకు తెలిసేసరికి ఇట్లా అయిపోయింది."

అత్త లోపలికి వెళ్ళిపోయింది. మామ సంచి కింద పెట్టాడు. "సరి పాపా. నువ్వేమి చేస్తావు. కాపీ తాగినావా?" అన్నాడు.

ఆ మర్నాటి నుంచి రోజూ ఉదయం ఏడున్నరకు నేను వెళ్ళేదాన్ని. ప్రాయశ్చిత్తం అని నాకు నేను చెప్పుకున్నాను, నిజానికి భయం. నేను లేనప్పుడు ఏం కనిపెడతాడో అని. ఆ ఎర్ర జిగురును గొట్టంతో లాగేస్తే మూడో రోజుకు మళ్ళీ వచ్చేది. నల్ల దుప్పటి కప్పి మూడు రోజులు తొట్టిని చీకట్లో పెట్టాం. పంపుల మూతులు తిప్పి, నీళ్ళు కదలని మూలల్లో కదిలేలా చేశాం. కొంచెం కొంచెం నీళ్ళు మార్చాం. మందుల షాపులో దొరికే ఒక మాత్ర వేస్తే రెండు రోజుల్లో పోతుందని నేను చదివి వచ్చి చెప్పాను. మామ నవ్వాడు. "మాత్ర వేస్తే ఎరుపు పోతాది. ఇంకొకటి వస్తాది. అప్పురం దానికొక మాత్రనా? లోపలికి పోయింది తీరిపోనీ. అది తిని తిని దానికే ఆకలి పుట్టాల" అన్నాడు.

ఒకసారి రాయి తోముతూ, నా వైపు చూడకుండానే అడిగాడు. "ఒక కరెంటు పోతే ఇంత పాసి వస్తాదా పాపా?"

నా చెవులు కాలాయి. "ఏమో మామా" అన్నాను.

"తెలుస్తాదిలే" అన్నాడు. బ్రష్షు కడిగి నాకిచ్చాడు.

రోజూ నేను గేటు దాటేటప్పుడు వెనకనుంచి "ఇంకేమి పాపా?" అనేవాడు. సెలవు తీసుకునే మాటే అనుకునేదాన్ని. "ఏమీ లేదు మామా" అనేదాన్ని. మా ఇంటి మెట్లెక్కేలోపు ఆ చెప్పాల్సిన మాట మొత్తం నోట్లోకి వచ్చేది. రేపు చెప్తాననుకునేదాన్ని. తొట్టి బాగుపడ్డాక చెప్తే నవ్వేస్తాడు, అప్పుడు చెప్దాం అనుకునేదాన్ని. కుళాయి దగ్గర పదిమందితో పోట్లాడే నోరు, ఒక్క మనిషి ముందు ఒక్క వాక్యానికి పెగల్లేదు.

ఆ చివరి ఉదయం ఎరుపు దాదాపు పోయింది. మామ నా భుజం పట్టుకుని పక్కకు వంచి చూపించాడు. "చూడు, పెద్దదానికి అంచులో కొంచెం కండ పట్టతా ఉండాది." నిజమే, తెల్లటి ఎముక చుట్టూ దారమంత ఆకుపచ్చ. ఎంత సంతోషించానో. బస్సుకు టైమైంది. గేటు దగ్గర మళ్ళీ అడిగాడు, "ఇంకేమి పాపా?" నేను చెప్పొచ్చు. నీళ్ళు బాగున్నాయి, మనిషి సంతోషంగా ఉన్నాడు. ఇంతకంటే మంచి పూట రాదు.

"ఏమీ లేదు మామా" అన్నాను.

గంటన్నరలో ఆయన లేడు. ఆ గంటన్నర దగ్గరే నేనింకా ఆగిపోయి ఉన్నాను. ఇంట్లోవాళ్ళు మాట్లాడుతుంటే పెదాలు కదలడం కనబడుతుంది, మాట వినబడదు. అన్నం తింటాను, ఏం తిన్నానో తెలియదు. ముందుగదిలో మామను పడుకోబెట్టినప్పుడు కూడా పక్కన తొట్టి పంపులు గుర్రుమంటూనే ఉన్నాయి. ఎవరో ఆపెయ్యమన్నారు. అత్త వద్దంది. ఏడుస్తూనే, "ఆపితే చేపలు పోతాయి" అంది. పదేళ్ళు ఆ తొట్టిని తిట్టిన మనిషి.

పదహారో దినం కర్మ అయింది. కూతురు పసిబిడ్డతో వచ్చింది, వెళ్ళింది. చుట్టాలు తొట్టిని అమ్మేయమన్నారు, వెళ్ళిపోయారు. మర్నాడు ఏడున్నరకు నేను మామూలుగా వెళ్ళాను. వడపోత గుడ్డ తీస్తే నడుమన పీలికైంది. సొరుగులో ఉన్న ఐదు ముక్కల్నే ఉతికి ఉతికి ఇన్నాళ్ళూ మారుస్తున్నాం. అదే ఆఖరిది. దాన్ని చేత్తో పట్టుకుని నిలబడ్డాను. అత్త నేలమీద కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. ఇక ఆపుకోలేకపోయాను.

"అత్తా, మీరు కోయంబత్తూరు పోయినప్పుడు కరెంటు పోలేదు."

అత్త తలెత్తలేదు. "గంజిగుడ్డ" అంది.

అత్త గిల్లిన చిక్కుడుకాయను గిన్నెలో వేసింది.

"వచ్చిన దినమే సొరుగు తెరిచినాడు. ముక్క చేత పట్టుకుంటానే 'ఇది మగ్గం దిగిన గుడ్డ, గంజి తీయలేదు' అన్నాడు. నేను నమ్మలేదు. అయోడిన్ చుక్క వేసి చూపించినాడు. చుక్క నీలంగా అయిపోయింది. గంజి ఉంటే అట్లా అయితాదంట."

"ఏంటికత్తా నన్ను అడగలేదు?"

"నేనూ అదే చెప్పినాను, అడుగు, నాలుగు తిట్టు అని. 'అడిగితే ఆ పాప రాకుండా నిలిచిపోతాది. తానే చెప్పనీ' అన్నాడు. ఆ ఐదు ముక్కలూ ఉడకబెట్టి, పిండి, మళ్ళీ ఉడకబెట్టి సొరుగులో పెట్టేసినాడు. నువ్వు మార్చింది అవే కదా."

మూడు నెలలకు పైగా ఆ ముక్కల్ని మార్చింది నా చేతులే. నేను పెట్టినవి బిరుసు గుడ్డలు, నేను వాడినవి మెత్తటి గుడ్డలు. అవి మామ తెచ్చిన వేరే గుడ్డలనుకున్నాను, నావేనని ఒక్కరోజు కూడా తెలియలేదు.

అత్త చేతిలోని కాయ పక్కన పెట్టింది. "దినామూ నువ్వు పోయినంక నేను అడుగుతాను, 'ఈ దినమన్నా చెప్పిందా?' అని. 'రేపు చెప్తాదిలే' అంటాడు. ఆ దినము బస్సుకు పోయేటప్పుడూ అడిగినాను. 'రేపు చెప్తాదిలే' అని చెప్పి పోయినాడు."

నేను అక్కడే నేలమీద కూలబడ్డాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అత్త నన్ను ఊరుకోబెట్టలేదు, తిట్టనూ లేదు. నా ఏడుపు తగ్గాక, "తొట్టికి గుడ్డ కావాల కదా" అంది.

ఇంటికి వెళ్ళి మగ్గం దగ్గర చుట్టలోంచి కొత్త గుడ్డ కత్తిరించి తెచ్చాను. అత్త పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టింది. ఉడకబెట్టాం, పిండాం, నీళ్ళు పారబోశాం, మళ్ళీ పెట్టాం. మామ ఎలా చేసేవాడో అత్తకు తెలుసు, పక్కన నిలబడి చూసిందట. ప్రతిసారీ ఒక మూల చిన్న పీలిక కత్తిరించి, అరలోని గోధుమరంగు అయోడిన్ సీసా నుంచి ఒక చుక్క దానిమీద వేసింది. మొదటిసారి సిరా ఒలికినట్టు నీలం. రెండోసారీ నీలమే. నాలుగోసారికి కొంచెం పలచబడింది. నా చేతులు వేడికి ఎర్రబడ్డాయి, ఆపబుద్ధి కాలేదు.

ఆరోసారి చుక్క వేశాం. పసుపుగానే నిలిచినట్టుంది. అత్త ఆ పీలికను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది. ఇద్దరం కళ్ళు చిన్నవి చేసుకుని చూశాం. చుక్క అంచున, వెంట్రుకంత సన్నగా, ఇంకా నీలం ఉంది. అత్త గిన్నెలో కొత్తనీళ్ళు పోసి మళ్ళీ పొయ్యి మీద పెట్టింది.